గ్రీజు రాసిన చేతులు

అద్దంకి, జనవరి 20

ప్రియమైన దేవకుమారికి,

ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మిరపకాయ కోతకొచ్చింది. కల్లంలో నిలబడితే నువ్వే గుర్తొస్తున్నావు. విశాఖలో పిల్లలకి ఈత నేర్పుతానని వెళ్లి రెండేళ్లయింది. సింగరాయకొండ తీరం వెంట ఇరవై కిలోమీటర్లు ఈదిన మొదటి ఆడమనిషివని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారుగా, అవన్నీ చిరిగిపోయాయి. నీ మొహం ఉన్న ముక్క ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. ఆ జలసంధి ఈది దాటలేకపోతే ఏమైందే? నాకు నువ్వు కావాలి. ఇంటికి రా.

నీ జక్రయ్య

విశాఖ, జనవరి 29

ప్రియమైన మీకు,

ప్రభువు పేరిట వందనాలు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు? ఒడ్డు ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా వెంట వస్తున్న పడవ పట్టుకున్నాను. పట్టుకుంటే ఈత చెల్లదని తెలిసీ పట్టుకున్నాను. మెడ, చంకలు భగభగ మండిపోయాయి. జెల్లీఫిష్ కుట్టిందన్నాను. ఒంటిమీద మచ్చేదీ అని నవ్వారు. భయపడిందని పేపర్లో వేశారు. అప్పట్నుంచి సముద్రంలో కాలు పెట్టలేదు.

ఇక్కడ ఒళ్లంతా క్లోరిన్ వాసనే. మీ చొక్కా వాసన కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఆ రోజు పడవలో మీరూ ఉన్నారు కదండీ. అసలేం జరిగిందో మీకేమైనా తెలిస్తే రాయండి.

మీ దేవి

అద్దంకి, ఫిబ్రవరి 25

దేవీ,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించను.

ఆ ఈతకి బయల్దేరి రైలెక్కేదాకా మిరపకాయలకి తొడిమలు తీస్తూనే ఉన్నాను. ఆ మంట సబ్బుకి పోదని మనూళ్లో పసిపిల్లకైనా తెలుసు. ఉప్పునీళ్లకి ఒరుసుకుపోకుండా నీ ఒంటికి గ్రీజు రాసేటప్పుడు పడవలో వాళ్లు గ్లౌజులిచ్చారు. "నా పెళ్లానికి రాయడానికి గ్లౌజులెందుకయ్యా?" అని విసిరేశాను. నువ్వు ఈదుతుంటే కళ్లు తుడుచుకున్నాను. నా కళ్లూ మండాయి. అప్పుడే అర్థమైంది. అయినా దాచాను. నిన్ను ఓడించింది నేనే. ఇది చదివాక రావనుకుంటే రాకు. నువ్వు పిరికిదానివని మాత్రం అనుకోకు.

జక్రయ్య

విశాఖ, మార్చి 3

ప్రియమైన మీకు,

నేనూ మిరపచేలో పెరిగినదాన్నేనండీ. నీళ్లలో దిగిన అరగంటకే తెలిసింది, అది మీ చేతుల మంటేనని. ఏడు గంటలు ఓర్చుకుని ఈదాను. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనకూడదనే జెల్లీఫిష్ అన్నాను. పడవ పట్టుకుని పైకి చూస్తే మీరు చేతులు వెనక్కి దాచుకున్నారు. ఇంటికొచ్చాకైనా చెబుతారనుకున్నాను. "పోన్లే, ఆడదానివి, అంతదాకా ఈదడమే గొప్ప" అన్నారు. అందుకండీ ఇల్లు వదిలి వచ్చేసింది. మీరు నిజం ఒప్పుకునే ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు చూశాను.

నిన్న సముద్రంలో మెడలోతు దాకా వెళ్లాను. ఏడుపొచ్చింది, బాగుంది.

ఏప్రిల్ పదిన సింగరాయకొండలో ఆ ఇరవై కిలోమీటర్ల ఈతతో మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను. ఈదాక ఇంటికే వస్తాను. గ్రీజు మీరే రాయాలి, గ్లౌజులు వద్దు. వారం ముందునుంచి కల్లం వైపు వెళ్లారో, ఊరుకోను.

మీ దేవి