నా వంతు నీళ్లు

ఐరాల గ్రామ కాపురస్థుడు, వ్యవసాయదారుడు, ఎల్లప్ప కుమారుడు ఏకాంబరం అను నేను, తెలివి సరిగా ఉండి, ఎవరి బలవంతమూ లేక, పట్టరాని సంతోషంతో వ్రాసుకున్న వీలునామా. ఒకసారి పాడె ఎక్కి దిగి వచ్చినవాణ్ణి. రెండోసారి చెప్పకుండా వస్తుందని భయపడి, చేతిలో సత్తువ ఉండగానే వ్రాస్తున్నాను.

పోయిన ఏడు బెల్లం కాచే రోజుల్లో పెనం పక్కనే పడిపోయినాను. ఒళ్లు చల్లబడింది, నాడి అందలేదు, పోయినాననుకున్నారు. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, వాడుక ప్రకారం చెవిలో పిలిచినారు. లేచి కూర్చున్నాను! ఆనాటి నుండి నా ఆనందం ఎవరికి చెప్పుకోను? చద్ది సంగటి ఇంత రుచి అని ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు. నిమ్మ పూత వాసన కోసం పనిగట్టుకొని తోటకు పోతున్నాను. అయితే కన్ను మూతపడితే చాలు, ఒకటే భయం. ఈసారి సరిగా పిలవకుండానే మోసుకుపోతారేమో.

1. భార్య యశోదమ్మకు ఇల్లు, పాడి ఆవు. మధ్యాహ్నం కునుకు తీస్తే నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. "సచ్చినానా?" అంటే, "గురక పెట్టే పీనుగ యాడన్నా ఉంటాదా, పండుకో" అంటుంది. యశోదా, తిరుపతిలో కొన్న పచ్చ గాజులు నేను పోయినా నీ చేతికి ఉండాలి. తియ్యమన్నవాళ్లకు ఈ కాగితం చూపించు.

2. కుమారుడు కృష్ణమూర్తికి చెరకు చేను, ఎద్దులు, బెల్లం పెనం. నాయనా, ఆనాడు నిద్రపోయేవాణ్ణి లేపకూడదన్నట్టు పిలిచినావు. తప్పు పట్టను. ఈసారి గట్టిగా అరిచి పిలువు. వేడి బెల్లం గీకి పిల్లలకు అప్పుడే పెట్టు. రేపటికని దాచి దాచి నేను ముసలివాణ్ణయినాను.

3. కూతురు చెంగమ్మకు నిమ్మతోట. ఆడదని ఆనాడు వీధి చివరే ఆపినారు. ఈసారి కల్లం దాకా వస్తుంది. ఎవరూ అడ్డు చెప్పరాదు.

4. తమ్ముడు గంగాధరానికీ నాకూ ఉమ్మడి బావిలో ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలే వంతు గురించి ఏళ్ల తరబడి మాటలు లేవు. అయినా పాడె వెనక నడిచినాడు. అందరూ పిలవడం అయినాక వంగి నా చెవిలో అరిచినాడు: "అన్నా! నీ వంతు నీళ్లు గూడా నేనే తోలుకుంటా ఉండా. దమ్ముంటే లేసి అడుగు సూద్దాం!" ఒళ్లు మండి కండ్లు తెరిచినాను. "నీ అబ్బ సొమ్మా?" అన్నానట. ఇద్దరికీ అబ్బ ఒకడే కదా అని పాడె మోసినవాళ్లు ఒకటే నవ్వు.

ఆ వంతు వానికే ఇచ్చేద్దామని ఉంది. ఇప్పుడే ఇస్తే, రేపు నా చెవిలో ఏమని అరుస్తాడు? ఇంతలో వాడు సత్యవేడులో తన కూతురి ఇంటికి పోయి అక్కడే ఉండిపోతాడట. ఆ మాట విన్నప్పటి నుండి నాకు అన్నం సహించడం లేదు.

కాబట్టి ఈ వీలునామా జరిపించే మునిరామయ్యకు నా ఆజ్ఞ: తమ్ముడు ఎక్కడున్నా బండి పంపించాలి. వాడు వచ్చి అరిచేదాకా నన్ను కల్లం దాటించరాదు. నా మీద మట్టి పడేదాకా ఆ నీళ్లు నావే.

గంగాధరా, వచ్చి అడుగు. లేచినానా, గొడవ పడదాం. లేవకపోతే కపిలకు నీ ఎద్దుల్ని కట్టుకో. నీళ్లు నీవే.

చదివించుకొని విని, ఒప్పుకొని, 1946 ఫిబ్రవరి 7వ తేదీ, ఐరాలలో, ఊపిరి ఆడుతుండగా చేసిన చేవ్రాలు:
ఏకాంబరం

సాక్షులు (ఇద్దరూ ఆనాడు పాడె మోసినవారే):
శాంతయ్య
రాజారత్నం