మెట్ల కింది కియోంగా

మత్రా (ఒమాన్), 1990 ఆగస్టు

బహ్లాలో ఖర్జూరపు తోటకు నీళ్లు పెట్టుకుంటున్న నా మొగుడు రామసుబ్బయ్యకు పెంచలమ్మ రాయునది. నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నమ్ముతాను, నమ్మక చేసేదేముంది.

మా మేడమ్ బిల్కీస్ వాళ్ల అత్త జైనబ్ అవ్వ పని కూడా ఇప్పుడు నా మీదే పడింది. కాళ్లు పిసుకుతుంటే అవ్వ తన చిన్నప్పటి సంగతులు చెబుతుంది. ఆఫ్రికాలో కింది వైపు, సముద్రం ఒడ్డున, కియోంగా అని మూడు మూలల నేల ఉందట. దాన్ని జర్మనీవాళ్లు ఏలేవారట. వాళ్లు ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో తలమునకలై ఉంటే, పక్కనున్న పోర్చుగీసువాళ్లు మెల్లగా గట్టు జరిపి ఆ ముక్కను కలిపేసుకున్నారట. అవ్వవాళ్ల కొబ్బరితోట పోయింది, ఊరూ పోయింది. చెబుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమెకు ఊరు గుర్తొచ్చింది, నాకు నువ్వు గుర్తొచ్చావు. ఒకే దేశంలో ఉండి, గేటుకు అటు నువ్వూ ఇటు నేనూ నిలబడి మాట్లాడుకోవడమేనా మన కాపురం?

ఇట్లు,
నీ పెంచలమ్మ

తా.క. పోయినసారి నువ్వు గేటు ఊచలు పట్టుకుని నిలబడితే చూసి, మనిద్దరిలో జైల్లో ఉన్నది ఎవరని పక్కింటి పనామె అడిగింది. ఏం చెప్పమంటావు?

బహ్లా, సెప్టెంబరు

సౌభాగ్యవతి పెంచలమ్మకు రామసుబ్బయ్య ఆశీర్వదించి, గుండెదడతో రాయునది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. అసలే కువైట్‌లో యుద్ధమని ఇక్కడందరూ రేడియో చుట్టూ మూగుతున్నారు. నువ్వేమో పోర్చుగీసువాళ్ల కథ రాశావు. మన ఉత్తరాలు మోసే లారీ డ్రైవర్ రియాజ్‌ను అడిగితే, "పోర్చుగీసోళ్లా? మత్రాలో నీ పెండ్లాం నెత్తినే వాళ్ల కోట ఉండాది గదరా! నేను పోయినప్పుడల్లా చూస్తానే ఉండా" అన్నాడు. పాత సంగతే కావచ్చు. ఒకసారి గట్టు జరిపినవాడు రెండోసారి జరపడా?

నవంబరులో ఈ దేశపు నేషనల్ డే సెలవుకు మా తోట యజమాని అర్బాబు నన్ను వదులుతానన్నాడు. వచ్చి ఉండేదెక్కడ? మా క్యాంపులో ఆడవాళ్లను రానివ్వరు. నువ్వు పడుకునేదేమో అవ్వ మంచం పక్కన. నీ పక్కన కూర్చుని నీ చేతి సంగటి తినాలని ఉంది పెంచలా. ఇంకేమీ వద్దు.

ఇట్లు,
నీ రామసుబ్బయ్య

తా.క. జైల్లో ఉన్నది నేనేనని చెప్పు. నీకు చెడ్డపేరు రాకూడదు.

మత్రా, అక్టోబరు

ధైర్యవంతుడైన నా మొగుడికి పెంచలమ్మ దండాలు.

ఆ కోట కట్టినవాళ్లు మన తాతల తాతలు పుట్టకముందే పోయారు. ఇప్పుడందులో పావురాలున్నాయి. యుద్ధమంటావా, అది మా ఇంట్లోనే జరుగుతోంది. మెట్ల కింద మూడు మూలల గది ఒకటుంది. అందులో తన సందుగ పెట్టాలని అవ్వ, కుట్టుమిషన్ పెట్టాలని బిల్కీస్. పొద్దున ఈమె సామాను ఆమె బయటికి నెడుతుంది, సాయంత్రం ఆమె సామాను ఈమె నెడుతుంది. గది మాత్రం ఖాళీ. అవ్వ చెప్పిన కథ ఊరికే పోతుందా? ముందు చీపురు పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత చాప పరిచాను. తర్వాత నా పెట్టె చేర్చాను. నిన్న మేకు కొట్టి నీ ఫొటో తగిలించాను, జెండా పాతినట్టు. కియోంగా మనదైపోయింది. నువ్వు రావడమే తరువాయి.

ఇట్లు,
పెంచలమ్మ

తా.క. ఫొటోలో భయపడుతున్నట్టున్నావు. రాజ్యమేలేవాడి ముఖం కాదది. వేరేది పంపు.

బహ్లా, నవంబరు

పెంచలమ్మకు రామసుబ్బయ్య రాయునది.

ఎంత పని చేశావే! వాళ్లిద్దరూ రాజీపడిన రోజు నిన్ను ఇండియాకు పంపేస్తారు. అప్పుడు మనకు ఆ గేటు కూడా ఉండదు. ఊచల మధ్య నుంచైనా నీ ముఖం కనబడితే చాలు నాకు. అందుకే ఈ ఉత్తరంతో పాటు రియాజ్‌కు ఒక బుట్ట ఖర్జూరం ఇచ్చి, అవ్వకు అరబ్బీలో క్షమాపణ చెప్పమన్నాను. జాగా తిరిగి ఇచ్చేస్తావని నీ తరఫున మాటిచ్చాను.

ఇట్లు,
రామసుబ్బయ్య

తా.క. కొత్త ఫొటో పంపుతున్నాను. ఇందులోనూ భయమే కనబడుతోంది. నా ముఖమే అంత.

మత్రా, నవంబరు

గెలిచిన రాజ్యాన్ని బుట్ట ఖర్జూరంతో అప్పజెప్పిన మహారాజుకు పెంచలమ్మ రాయునది.

రియాజ్ గేటు దగ్గర నిలబడి వీధంతా వినేలా నీ క్షమాపణ చెప్పాడు. అవ్వ వచ్చింది, బిల్కీస్ వచ్చింది. నా టికెట్టు తెగిందనే అనుకున్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

"పిచ్చిదానా, నువ్వు చీపురు పెట్టిన దినమే మేము రాజీ అయిపోతిమి. నీకు చాప ఏసుకునే సందు దొరకాలని దినామూ అరుచుకుంటా ఉండాము. నా గొంతే పోయింది" అంది అవ్వ.

"మరి అడిగితే ఇచ్చేవాళ్లు కదమ్మా?" అన్నాను.

"ఇస్తే మా ఆయన ఒప్పుకోడు. మా అత్తాకోడళ్ల యుద్ధంలో పోయిందంటే ఏమంటాడు?" అంది బిల్కీస్.

అవ్వ మాత్రం నవ్వు ఆపేసింది. నా చెయ్యి పట్టుకుని, "నా కియోంగా నాకు ఎవురూ తిరిగి ఇయ్యలేదు. ఎనబై ఏండ్లొచ్చినా దాని కోసం ఏడుస్తానే ఉండా. నువ్వు దీన్ని తిరిగి ఇస్తే మాత్రం ఊరుకోను. పిలిపించు వాణ్ణి" అంది. అవ్వను పట్టుకుని ఏడ్చేశాను.

గది చిన్నది. తల ఎత్తితే మెట్టు తగులుతుంది. నువ్వు లేని రాత్రి మాత్రం మైదానమంత ఉంటుంది.

ఇట్లు,
నీ పెంచలమ్మ

తా.క. దీనికి జవాబు రాయకు. రియాజ్ లారీలో ఉత్తరం పెట్టే చోట నువ్వే కూర్చో.