ఇద్దరికీ ఒకే తాళం

అక్కా,

ప్రమాదం సంగతి పేపర్లో చూసి హడలిపోయి ఉంటావు. నాకేం కాలేదు. పోయింది మా మేస్త్రి.

సరుకు మోసే బెల్టు కింద పనికి దిగేముందు మోటారుకి కరెంటు ఆపి, ఆ స్విచ్చికి ఎవరి తాళం వాళ్లు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఆ రోజు మేస్త్రికీ నాకూ కలిపి నా తాళం ఒక్కటే వేశాం. నా పని ముందైపోయింది. "నువ్వు పోయి టీ తాగు, వచ్చేస్తున్నా" అన్నాడు. వెనకే వస్తున్నాడనుకుని తాళం తీసి స్విచ్చి వేశాను. స్విచ్చి వేసినా బటన్ నొక్కితేనే తిరగాలి, ఎవరూ నొక్కకుండానే బెల్టు తిరిగింది. ఆయన ఇంకా కిందే ఉన్నాడు.

విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత స్వెట్టరు పంపు. బావ నడుం నొప్పి ఎలా ఉందో రాయి, నన్ను ఓదారుస్తూ మాత్రం రాయకు. పిల్లలిద్దరూ చల్లగా ఉండాలి.

నా తాళం అన్నానే, అది ఆయనదే. నేను చేరిన రోజు నా దగ్గర లేదంటే తనది తీసి చేతిలో పెట్టాడు. "మరి మీకో?" అన్నాను. "నాకెందుకురా, నువ్వుంటావుగా" అన్నాడు.

నీ తమ్ముడు