సాలూరు ఘాట్‌లో పడిపోయిన ముల్లు

గాజువాక,
ఆదివారం

అక్కకి,

నీ తమ్ముడు రమణ దండాలు పెట్టి రాస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా దాచకుండా రాయించు.

నెల రోజులుగా ఉత్తరం లేదని కంగారు పడ్డావట. ఒంట్లో బాగానే ఉంది, అన్నం బాగానే తింటున్నాను, ఒట్టు. మెస్సులో సాంబారు నీళ్లలా ఉంటుంది గానీ చేపల పులుసు పెట్టిన రోజు ఫర్వాలేదు. ఎండ తగ్గింది, ఉక్కపోత తగ్గలేదు. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఆరేసిన చొక్కాల మీద నల్లటి పొడి. ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త చోడిపిండి పంపు. పొద్దున్నే అంబలి తాగకపోతే ఏదో వెలితిగా ఉంటోంది.

రాయకపోవడానికి కారణం వేరే ఉంది. నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. అది తేలేదాకా నీకేం రాయాలో తోచలేదు.

ఇనుప ఊచలు మోసే లారీ ఒకటి మా మెకానిక్ షెడ్డుకి వచ్చింది. ఘాట్ ఎక్కలేకపోతోందని లారీ ఓనరు దాని ఇంజనుకి టర్బో పెట్టించాడు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలంగా తోసే చక్రం అనుకో. దానికీ నూనె అందాలి. అందుకని నూనె ఒత్తిడిని పసిగట్టి మీటరు ముల్లుని ఆడించే ఆయిల్ మీటరు యూనిట్ ఉండే చోట ఒక టీ జాయింటు వేసి, ఒక దారి టర్బోకి, ఒక దారి మీటరుకి ఇచ్చాం. ఆ జాయింటు బిగించింది నేనే. చుక్క నూనె కూడా కారకూడదని మరలన్నిటికీ తెల్ల టేపు గట్టిగా చుట్టాను. మేస్త్రి చూసి శుభ్రంగా ఉందన్నాడు.

ఆ లారీ డ్రైవరు అప్పలరాజు. తగరపువలస మనిషి, యాభై దాటాయి. నన్ను బాబూ అంటాడు, నేను మావా అంటాను. పోయిన వానాకాలం నాకు జ్వరమొస్తే గదిలో ఒక్కడినే ఉన్నానని తన ఇంటికి తీసుకుపోయి మూడు రోజులు ఉంచుకున్నాడు. నీకు చెబితే బెంగపడతావని అప్పుడు రాయలేదు.

టర్బో పెట్టిన మొదటి ట్రిప్పులోనే, సాలూరు ఘాట్ ఎక్కుతుండగా ఆయిల్ మీటరు ముల్లు సున్నాకి పడిపోయిందట. ముల్లు పడిందంటే ఇంజనులో నూనె తిరగడం లేదని లెక్క. అలాగే తోలితే ఇంజను పట్టేస్తుంది. ఆయన లారీ ఆపేశాడు. చల్లారాక స్టార్టు చేస్తే ముల్లు లేచింది. కాస్త దూరం పోయాక మళ్లీ పడింది. అలా మూడుసార్లు ఆగి, సరుకు ఒక రోజు ఆలస్యంగా చేర్చాడు. రెండో ట్రిప్పులోనూ అదే తంతు. షెడ్డుకి తెచ్చి చూస్తే మాత్రం ముల్లు నిక్షేపంగా నిలబడి ఉంది.

మీటరులో లోపముందా అని ఓనరు నన్నడిగాడు. పది నిమిషాలు ఇంజను ఆడించి, లేదన్నాను. ఘాట్‌కి భయపడి సాకులు చెబుతున్నాడని ఓనరు అందరి ముందూ అని, తాళాలు లాక్కున్నాడు. అప్పలరాజు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు.

"నాను అబద్దం ఆడతన్నానేటి బాబూ?"

నేను పానా తుడుచుకుంటూ ఉండిపోయాను.

రెండు వారాలకి అదే లారీ గ్రీజు కొట్టించుకోవడానికి వచ్చింది. ఆయిల్ మీటరు మీద దేవుడి స్టిక్కరు అంటించి ఉంది. ఎందుకని అడిగితే, ముల్లు ఊరికే పడిపోతోందని, చూస్తే గుండె దడగా ఉంటోందని కొత్త డ్రైవరు చెప్పాడు. అప్పలరాజు చెప్పింది నిజమే అక్కా.

స్టిక్కరు పీకి, ఇంజను బాగా వేడెక్కేదాకా ఆడించాను. అరగంటకి ముల్లు వణికి, సున్నాకి జారింది. ఇంజను ఆపి, యూనిట్ విప్పి, ఆ చోట షెడ్డులో ఉండే చేతి మీటరు తగిలించి, మళ్లీ ఆడించి చూశాను. నూనె ఒత్తిడి నిండుగా ఉంది. యూనిట్ మళ్లీ బిగించి, ముల్లు పడగానే దాని ఒంటి నుంచి ఛాసిస్‌కి వైరు ముక్క ఒకటి ఆనించాను. ముల్లు లేచి నిలబడింది. వైరు తీస్తే పడింది. ఆ యూనిట్‌కి కరెంటు తిరిగిపోయే దారి ఇంజను ఇనుమే. జాయింటు విప్పితే, ఇనుముకీ ఇనుముకీ మధ్య నేను చుట్టిన తెల్ల టేపు. చల్లగా ఉన్నప్పుడు ఎక్కడో కాస్త తగులుతూ, వేడెక్కి అదిరితే వదిలేస్తోంది.

మేస్త్రి చెడ్డవాడు కాదు, నా మంచికే చెప్పాడు. "టేపు తీసీసి బిగించీ. ఎవులితోటీ అనకు. ఓనరికేటి తెలస్తాది?"

టేపు లేకుండా బిగించి, విడిగా ఎర్తు వైరు కూడా వేశాను. తర్వాత ఓనరు దగ్గరికి పోయి, తప్పు డ్రైవరుది కాదు, నాదని చెప్పాను. చాలాసేపు తిట్టాడు, పడ్డాను. చివరికి, నువ్వే పోయి వాణ్ని పిలుచుకురా అన్నాడు.

మర్నాడు తగరపువలస బస్సెక్కాను. అప్పలరాజు సంతలో బావమరిది కొట్టు దగ్గర ఉల్లిపాయలు తూస్తున్నాడు. బేరం అయ్యేదాకా నిలబడ్డాను.

"మావా, నాను సుట్టిన టేపు వల్లే ఆ ముల్లు పడింది. మీటరు బాగుందని సెప్పిందీ నానే" అన్నాను.

ఆయన తక్కెడ కింద పెట్టాడు. తర్వాత ఆయన చెప్పింది నాకిదివరకు తెలియదు. వయసులో ఉండగా ఒకసారి ఇలాగే ముల్లు పడితే, మీటరు పాడైందనుకుని తోలేశాడట. ఎగువలో ఇంజను పట్టేసి లారీ వెనక్కి జారింది. పక్క సీట్లో ఉన్న సొంత తమ్ముడు ఈనాటికీ కుంటుతూనే నడుస్తాడు.

ఓనరు రమ్మన్నాడని చెప్పాను. మూడు రోజులు ఆలోచించుకుని పనిలోకి వచ్చాడు. మొదటి ట్రిప్పుకి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఘాట్ అంతా ముల్లు కదలలేదు. పైన టీ తాగుతూ అన్నాడు:

"మల్లీ పడితే మల్లీ ఆపుతాను బాబూ. నువ్వు బాగుసేసినావని సూడకుండా ఉండను."

"ఆపు మావా" అన్నాను.

దిగేటప్పుడు కూడా ఆయన మీటరు చూస్తూనే తోలాడు. నేనూ చూస్తూనే ఉన్నాను.

బావకీ అత్తమ్మకీ నా దండాలు చెప్పు. చిన్నాడికి ముద్దులు. ఈ ఉత్తరం నీకు చదివి పెట్టేది బుజ్జి కాబట్టి దానికో మాట: అమ్మ బాధపడుతుందని నేను తప్పు చేసిన చోటు మింగేయకమ్మా, అంతా చదువు.

నీ దీవెన కోరే తమ్ముడు,
రమణ