బోర్లించిన గ్లాసు

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. బతికున్నప్పుడే నీకు చదువు రాదు. అయినా రాస్తున్నాను.

నిన్న నీ మనవరాలు కేబుల్ టీవీ చూడటానికి ఇక్కడే చంద్రపూర్‌లో, బాబుపేట్‌లోని స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. తీసుకురావడానికి నేను వెళ్తే ఆ పిల్ల తల్లి మెచ్చుకుంది. "మీ బిడ్డకు మంచిగ నేర్పిండ్రు. వద్దన్నా ఇనకుండ, పాలు తాగిన గ్లాసు కడిగి గోడ మీద బోర్లిచ్చింది."

మన ఊళ్లో, విరూర్ హోటల్లో మన కులం వాళ్లకు గ్లాసులు వేరే. తాగాక నీది నువ్వే కడిగి, బయటి గోడ మీద బోర్లించేవాడివి. నాకు పద్మాపూర్ బొగ్గు గని ఆఫీసులో నౌకరీ వచ్చాక హెడ్‌క్లర్కు మనల్ని ఇంటికి టీకి పిలిచాడు. అక్కడా నువ్వు అలాగే చేశావు. తిరిగొస్తూ దారిలో, "నా ఇజ్జత్ తీసినవ్" అన్నాను.  ఆ తర్వాత నువ్వు మళ్లీ చంద్రపూర్ రాలేదు.

నీ మనవరాలు ఆ హోటల్ చూడనే లేదు. "గిట్ల ఎవరు నేర్పిండ్రు?" అని అడిగాను.

"నువ్వు ఎవరింటికి పోయినా గట్లనే చేస్తవ్ గద, పప్పా."

నేనూ అలా చేస్తానని నాకు తెలియదు బాపూ. ఆ రోజు నిన్ను అన్న మాట నాకూ తగులుతుందని తెలియదు.

ఈరోజు ఆఫీసులో టీ తాగి చూసుకుంటే, గ్లాసుతో నల్లా దగ్గర నిలబడి ఉన్నాను. కడగకుండానే వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాను. క్యాంటీన్ అతను వచ్చి తీసుకెళ్లేదాకా ఒక్క కాగితం కూడా చదవలేకపోయాను.