నడుం బిగించిన ప్రభుత్వం

బావగారికి నమస్కారాలు.
మీ వీధి చివర వంతెన పని నత్తనడక నడుస్తోందేమని అడిగారు. ఖజానాలో లోటు బావగారూ! ఖర్చుల విషయంలో ప్రభుత్వం నడుం బిగించింది. ఆ ఫైలు రాసింది నేనే. ఫలితం త్వరలో మీ గుమ్మం ముందే చూస్తారు.
ఇట్లు, మీ బావమరిది
తా.క.: పై అధికారి నా భుజం తట్టారు. అక్కతో చెప్పండి.

బావమరిదికి ఆశీస్సులు.
నీ నోట్లో పంచదార పొయ్యాలి! ప్రభుత్వమే నడుం బిగించాక కూలీలు బిలబిలా వచ్చెయ్యరూ? మన భోజనశాలకి రెండు పెద్ద డేగిసాలు కొన్నాను. ఇంకో వంటమనిషిని పెట్టాను.
నీ బావ
తా.క.: ఉన్న కూలీలు కూడా నిన్నటినుంచి కనబడటం లేదు. కొత్తవాళ్ళకి చోటిచ్చినట్టున్నారు.

బావగారికి,
కొంప ముంచారు! నడుం బిగించింది పని చెయ్యడానికి కాదు, ఆపడానికి. వంతెన ఆగిపోయింది. అయినా కంగారుపడకండి. ప్రభుత్వం తప్పుకుంటే ప్రైవేటువాళ్ళు ముందుకొస్తారని పుస్తకాల్లో ఉంది.
మీ బావమరిది
తా.క.: డేగిసాలు వెనక్కిచ్చెయ్యండి.

బావమరిదికి,
ఎవరికివ్వను? గిన్నెల కొట్టువాడు కొట్టు తెరిస్తేగా! కూలీలు లేరని నేను కూరలు కొనడం మానేశాను. కూరలమ్మే ఆవిడ పిల్లాడికి చొక్కా కుట్టించడం మానేసింది. దర్జీ మన దగ్గర తినడం మానేశాడు. నువ్వు చెప్పావని ప్రైవేటువాళ్ళకోసం గుమ్మంలోనే కూర్చున్నా. ఒకాయన వచ్చాడు. "రండి బాబూ, భోజనానికేనా?" అన్నాను. "కాదండీ, వడ్డించే పనేమైనా ఉందేమోనని" అన్నాడు. వంతెన కాంట్రాక్టరు!
నీ బావ
తా.క.: మీ అక్క ఇవాళ్టినుంచి ఏడవడం కూడా మానేసింది. అదీ పొదుపు కింద రాసుకో.

బావగారికి,
మీ ఉత్తరం అందింది. మీ ఊళ్ళో పన్నుల వసూళ్ళు పడిపోయాయి. దాంతో లోటు తగ్గకపోగా పెరిగింది. దానికి ఖర్చుల్లో ఇంకో కోతే మందన్నారు. అదీ నేనే రాస్తున్నాను.
మీ బావమరిది

బావమరిదికి,
భోజనశాల మూసేశాం. శుక్రవారం బస్సుకి మీ ఇంటికి వచ్చేస్తున్నాం. నీది సర్కారు కొలువు, నీకేం ఢోకా!
నీ బావ
తా.క.: డేగిసాలూ తెస్తున్నాం. వాటిలో పక్కబట్టలు పట్టాయి.

బావగారికి,
రాకండి. సర్కారు ఇల్లు ఖాళీ చేసి, పిల్లలతో మీ దగ్గరికే బయల్దేరబోతుంటే మీ ఉత్తరం అందింది. రెండో కోత మా విభాగం మీదే పడింది. ఆ ఉత్తర్వూ నాచేతే రాయించారు. సామాను వీధిలో ఉంది. ఎటు వెళ్ళాలో తెలియక మూటల మీదే కూర్చున్నాం.
మీ బావమరిది
తా.క.: మేం లేకపోతే టీ ఎవరు తాగుతారని ఆఫీసు ముందు టీ కొట్టాయన కూడా కొట్టు ఎత్తేస్తున్నాడు. "ఇదంతా రాసిన మహానుభావుడెవరండీ?" అని అడిగాడు. తెలీదన్నాను. "పాపం, మీరూ మాలాంటివారే" అంటూ ఆఖరి టీ ఊరికే పోసిచ్చాడు.