అట్ట వేసిన పుస్తకం

వదినా,

మీరు పంపిన పుస్తకం అందింది. ఇంకా మొదలుపెట్టలేదు. కుట్టుపనిదాన్ని కదా, ఏ బట్టనైనా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. దీన్నీ వెనక నుంచే చూశాను. మతిమరుపు ముదిరిన భర్తతో గడిపిన ఏళ్ల గురించి ఒకావిడ రాసుకున్న జ్ఞాపకాలని వెనక అట్ట మీద ఉంది. ముందు అట్ట మీద ఆవిడ నవ్వుతోంది. ఏడుపుగొట్టు పుస్తకం కాదేమోలే అనుకున్నాను. మొగుణ్ణి కసురుకున్న రోజుల గురించి కూడా రాసి ఉంటేనే ఆవిడను నమ్ముతాను.

"బాగుంటుంది, చదువు" అని మాత్రం రాశారు. నాకే ఎందుకు పంపారో రాయలేదు. మొదట కోపమొచ్చింది. పోయిన నెల మీ కోటుకు మీ తమ్ముడు రెండు చేతులూ ఎడమవే కత్తిరించినప్పుడు, సుద్దతో గుర్తు పెట్టింది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను. మీరు తలూపారు. నమ్మారనుకున్నాను.

పేరు కనబడకుండా పుస్తకానికి పాత కాగితంతో అట్ట వేసి మిషను పక్కన పెట్టాను. నిన్న ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎవరిచ్చారు?" అన్నారు.

"మీ అక్క."

"అక్క మంచివే ఇస్తుంది. నాకీ మధ్య చదివింది మనసులో నిలవడం లేదు. నువ్వు చదివి నాకు చెప్పు."

సరేనన్నాను. అప్పటి నుంచి మొదటి పేజీ తిప్పడానికి చెయ్యి రావడం లేదు.

ఈ ఆదివారం రండి వదినా. అట్ట తీసేసి, ఆయనకు వినబడేలా చదువుతాను. మీరు పక్కన కూర్చోండి, చాలు.

మీ మరదలు